పైకి చూడరాదు

నేను చదివింది వృక్షశాస్త్రం. పందొమ్మిదేళ్ళు పాఠం చెప్పిందీ అదే. ఆ ఏడాది కదిరాయపురం ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బాటనీలో ముగ్గురు చేరారు. ఇద్దరు నర్సింగులో సీటొచ్చి వెళ్ళిపోయారు. మూడో మనిషి పేరు రిజిస్టర్లో ఉంది గానీ మనిషి ఏనాడూ కనబడలేదు. మిగులు ఉద్యోగి కింద నన్ను ఏ అడవికో తరిమేస్తారని నేను బిక్కుబిక్కుమంటూ ఉండగా మా ప్రిన్సిపాల్ డాక్టర్ చెన్నకేశవులు గారు దయతలచి కబురు పెట్టారు.

బి.ఏ.లో కళాచరిత్ర అనే కొత్త కోర్సు మా కాలేజీకి మంజూరైందట. ఎవరూ అడగలేదు, అదే వచ్చింది. వచ్చిన కోర్సును వెనక్కి పంపితే కాలేజీ గ్రేడు పడిపోతుంది. చెప్పడానికి మనిషి లేడు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "బాటనీ రికార్డుల్లో మీరు పిల్లల చేత బొమ్మలు వేయిస్తారు. ఇందులోనూ బొమ్మలే. కాకపోతే ఇవి ఎవరో ముందే వేసేశారు, మీకు పని తక్కువ" అన్నారు. ఈ తర్కానికి జవాబు చెప్పగల విద్వాంసుడు మా కాలేజీలో లేడు. బదిలీ తప్పిన సంతోషంలో నేను వెతకనూ లేదు.

మొదటి బ్యాచిలో ముప్పై ఒక్కమంది చేరారు. ముప్పైమందికి వేరే ఎక్కడా సీటు రాలేదు. మిగిలిన ఒక్క అమ్మాయి దరఖాస్తులో కళాచరిత్రను మొదటి కోరికగా రాసింది. పొరపాటున రాసిందనుకుని మా గుమాస్తా దాన్ని ఆఖరికి మార్చాడు. ఆ పిల్ల వచ్చి మళ్ళీ మొదటికి మార్పించుకుంది. పేరు వన్నూరమ్మ.

ఊరి చివర పాత గుర్రాల సంత జరిగిన చోట ఒక రాతి మంటపం ఉంది. ఎప్పుడో రాజుల కాలంలో దాని పైకప్పుకు రంగుల చిత్రాలు వేశారు. లోపల దేవుడు లేడు కాబట్టి అది దేవాదాయ శాఖకు రాదు. శాసనం లేదు కాబట్టి పురావస్తు శాఖకూ పట్టదు. గతిలేక మున్సిపాలిటీ దానికి ఒక కాపలాదారుణ్ణి పెట్టింది. అతని పేరు ఓబులేసు, వన్నూరమ్మ తండ్రి. వాళ్ళ ఇల్లు మంటపం పక్కనే. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ మధ్యాహ్నాలు చల్లటి బండల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ పెరిగింది. నేను పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళో ఉండి, రోజూ దాని పక్కనుంచే స్కూటరు మీద వెళుతూ, ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళి తలెత్తి చూడలేదు. ఇది నా గొప్పతనం కింద చెప్పడం లేదు.

తరగతులు మొదలైన మూడో నెలలో ఆ సర్క్యులర్ వచ్చింది.

అంతకు ముందే ఏదో పెద్ద పరీక్షలో పేపరు లీకై, మంత్రులు, పత్రికలు, పిల్లల తల్లిదండ్రులు అందరూ కలిసి విశ్వవిద్యాలయాలను ఉతికి ఆరేశారు. మా విశ్వవిద్యాలయం పరీక్షల నియంత్రణాధికారి ప్రొఫెసర్ వైకుంఠం గారు ఇక ఏ లీకుకూ తావివ్వనని కంకణం కట్టుకున్నారు. "పరీక్షలో అడగబడు వస్తువును అభ్యర్థి పరీక్షకు పూర్వము చూచుట లీకేజీగా పరిగణింపబడును" అని ఆదేశం జారీ చేశారు. మిగతా సబ్జెక్టుల వాళ్ళకు దీనితో చిక్కు లేదు. మాకే వచ్చింది. నేను ఫోను చేసి, మా సబ్జెక్టులో అడిగేవి చిత్రాలే కదండీ, చూపించకపోతే ఎలా అని సవినయంగా అడిగాను. ఆయన నాకు ఓపికగా బోధించారు. లెక్కల్లో బోర్డు మీద చేసిన లెక్క వేరు, పరీక్షలో వచ్చే లెక్క వేరు. మీ సబ్జెక్టులో క్లాసులో చూపిన బొమ్మే పరీక్షలో వస్తుంది. అంటే మీ పాఠమే ఒక లీకు. మీరు మూడు నెలలుగా బాహాటంగా పేపరు లీకు చేస్తున్నారు, ఇంతవరకు కేసు పెట్టనందుకు సంతోషించండి అన్నారు. నేను సంతోషించాను.

మర్నాడు ప్రొజెక్టరును బీరువాలో పెట్టి సీలు వేశారు. లైబ్రరీలోని కళాచరిత్ర పుస్తకాలకు ఇద్దరు అటెండర్లు కూర్చుని ప్రతి బొమ్మ మీదా తెల్లకాగితం అంటించారు. మైదాపిండి ఉడికించి చేసిన జిగురు కావడంతో పుస్తకాలకు పురుగు పట్టింది, అది వేరే సంగతి. బొమ్మల కింది వాక్యాలు మాత్రం అలాగే ఉంచారు. "ఎడమ నుంచి కుడికి రేఖ ఎంత సుకుమారంగా సాగిందో గమనించండి" అని ఉంటుంది. ముప్పై ఒక్కమంది ఎడమ నుంచి కుడికి తెల్లకాగితాన్ని గమనించేవాళ్ళు. రెండేళ్ళు ఇలా గడిచాయి. ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఏ బొమ్మా చూడని పిల్లలు నోట్సు బట్టీపట్టి డెబ్బై శాతం తెచ్చుకున్నారు. లీకులు లేని ఏకైక కోర్సు అని వైకుంఠం గారు మా కోర్సును సభల్లో ఉదాహరణగా చెప్పసాగారు.

మూడో ఏడు 'ప్రాంతీయ చిత్రకళ' అనే పేపరు వచ్చింది. అందులో మా ఊరి మంటపం ఉంది. నోట్సు తయారుచేసే బాధ్యత నాదే. పోయి చూసి రాద్దామని బుద్ధి పుట్టింది. విశ్వవిద్యాలయాన్ని అనుమతి అడిగితే, చూస్తే తెలుస్తుంది, తెలిస్తే చెప్పబుద్ధవుతుంది, కాబట్టి అధ్యాపకుడు కూడా చూడరాదని జవాబొచ్చింది. సిలబస్ కాగితంలో "కదిరాయపురం మంటపం, పైకప్పు, గుర్రాలు" అని మాత్రం ఉంది. నేను కుర్చీలో కూర్చుని ఆలోచించాను. పైకప్పు అంటే ఆకాశం. ఆకాశంలో గుర్రాలుంటే అవి సూర్యుడివే అయివుండాలి. సూర్యుడి గుర్రాలు ఏడు. రథం ఉంటుంది. తోలేవాడు అనూరుడు, తొడలు లేనివాడు. నాలుగు పేజీలు గుక్క తిప్పుకోకుండా రాశాను. ఏడు గుర్రాలు ఏడు రంగులకు సంకేతమని, అనూరుడి ముఖంలో కరుణ ఉట్టిపడుతోందని కూడా రాశాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది గానీ అప్పుడు నాకది చాలా బాగా వచ్చిందనిపించింది. విశ్వవిద్యాలయం దాన్ని మెచ్చుకుని, ప్రామాణిక పాఠ్యసామగ్రి అని ముద్ర వేసి, ఈ కోర్సున్న పదకొండు కాలేజీలకు పంపింది.

ఆ పాఠం చెప్పిన రోజు క్లాసు అయ్యాక వన్నూరమ్మ ఆగింది.

"సార్, ఆడ ఏడు లేవు. ఆరే ఉండాయి. సూర్యుడు గూడా లేడు."

"మరి ఏముంది?"

"గుర్రాల బేరగాండ్లు సార్. యాడో పరాయిదేశం నుంచి వచ్చినట్టుండారు, పొడుగు టోపీలు పెట్టుకోని. నాలుగో గుర్రం రానని మొండికేసి కాలెత్తింటాది. ఒకాయప్ప దాని నోరు తెరిపించి పండ్లు చూస్తాంటాడు. ఆ కొసకు ఇద్దరు గుడ్డ కింద చేతులు పెట్టి వేళ్ళతో బేరమాడుకుంటాంటారు. మా నాయన ఎద్దుల సంతలో ఇప్పటికీ అట్లనే చేస్తాడు సార్."

రెండున్నరేళ్ళలో ఆ గదిలో కళాచరిత్ర వినబడటం అదే మొదటిసారి. నాకు ముందు ఆనందమూ, వెంటనే భయమూ కలిగాయి. ఈ మాట ఇంకెక్కడా అనవద్దని, నోట్సులో ఉన్నట్టే ఏడు అని రాసి బయటపడమని బతిమాలాను. ఆ పిల్లకు బయటపడటం అవసరం కూడా. పాత గోడ చిత్రాలను శుభ్రం చేసి కాపాడే విద్య నేర్పే ప్రభుత్వ శిక్షణ కేంద్రం ఒకటి పక్క రాష్ట్రంలో ఉంది. ఏడాదికి ఎనిమిది మందినే తీసుకుంటారు. వన్నూరమ్మ మంటపం బొమ్మను పెన్సిలుతో గీసి పంపితే వాళ్ళు ముచ్చటపడి సీటిచ్చారు. జులై ముప్పై ఒకటిలోగా డిగ్రీ పాసైన పత్రం చూపాలి, అదొక్కటే షరతు. పైకప్పు ఏటేటా వానకు పెచ్చులూడుతోందని, నేర్చుకుని వచ్చి తానే బాగుచేస్తానని ఆమె పట్టుదల.

పట్టుదల ఉన్నవాళ్ళు మాట వినరు. నోట్సులో తప్పుందని వన్నూరమ్మ విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసింది.

ఆ ఉత్తరాన్ని వైకుంఠం గారు ఫిర్యాదుగా కాక నేరాంగీకారంగా స్వీకరించారు. ప్రశ్నపత్రంలో రావలసిన చిత్రం పట్టపగలు అందరి ఎదుటా తెరిచి ఉందన్న సంగతి కూడా ఆయనకు దాని ద్వారానే తెలిసింది. ముందు మంటపానికి ఒక బోర్డు పెట్టించారు. "పైకి చూడరాదు. చూచినవారిపై చర్య తీసుకొనబడును." అంతవరకు అక్కడ పేకాట ఆడేవాళ్ళు, మేకలు కాసేవాళ్ళు ఎవరూ పైకి చూసిన పాపాన పోలేదు. బోర్డు పెట్టాక జనం బస్సు దిగి మరీ వచ్చి పైకి చూడసాగారు. దాంతో కప్పు కింద నాలుగు మూలలా తాడు కట్టి టార్పాలిన్ బిగించారు. ఎవరూ దాన్ని పైకెత్తకుండా, తానూ ఎత్తకుండా చూడవలసిన పూచీ ఓబులేసు మీద పెట్టారు.

తర్వాత ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వచ్చింది. స్థానిక అధ్యాపకుడిగా నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. టేపు పెట్టి ఓబులేసు గడపకూ మంటపానికీ మధ్య దూరం కొలిచారు. పదిహేడు అడుగులు. కిటికీ కూడా అటువైపే ఉందని ఒక సభ్యుడు అర్థవంతంగా తల ఊపాడు. ఎప్పటి నుంచి చూస్తున్నావని అధ్యక్షుడు అడిగాడు.

"కండ్లు తెరిసినప్పటి నుంచి సార్."

"రాసుకోండి," అన్నాడాయన గుమాస్తాతో. "సదరు అభ్యర్థిని సుమారు ఇరువది సంవత్సరములుగా నిరాటంకముగా మాల్‌ప్రాక్టీసునకు పాల్పడుచున్నది. తండ్రి సహకరించినాడు."

ఓబులేసు చేతులు జోడించి, సామీ, పిల్లది పండుకుంటే పైన ఏముంటే అది కనపడతాది గదా అన్నాడు. బోర్లా పడుకోబెట్టి ఉండవలసిందని సంఘం అభిప్రాయపడింది. అయినా పేదపిల్ల భవిష్యత్తును దృష్టిలో ఉంచుకుని సానుభూతితో ఒక మార్గం సూచించింది. చూసినదాన్ని మరిచిపోయానని ప్రమాణపత్రం ఇస్తే పరీక్ష రాయనిస్తారు. "సదరు చిత్రమును దురుద్దేశము లేకయే చూచియుంటిని. పరీక్షా ప్రయోజనార్థము దానిని నా జ్ఞాపకమునుండి పూర్తిగా తొలగించుకొంటిని" అని టైపు చేసి తెచ్చారు. వన్నూరమ్మ కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తండ్రి ఆమె వైపు చూశాడు. సంతకం పెట్టింది.

ఏప్రిల్‌లో పరీక్ష జరిగింది. పద్నాలుగు మార్కుల ప్రశ్న మంటపం గురించే. పదకొండు కాలేజీల్లో మూడు వందల నలభైమంది రాశారు. మూడు వందల ముప్పై తొమ్మిది మంది ఏడు గుర్రాలని, అనూరుడి ముఖంలో కరుణ ఉట్టిపడుతోందని రాశారు. ఒక్కరు ఆరు అని రాశారు.

జూన్‌లో వచ్చిన ఫలితాల్లో వన్నూరమ్మ పేరు ఎదుట 'విత్‌హెల్డ్' అని ఉంది. నేనూ ప్రిన్సిపాల్ గారూ ఆ అమ్మాయిని తీసుకుని వైకుంఠం గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, టీ ఇప్పించి, విషయాన్ని తేటతెల్లం చేశారు.

"చూడమ్మా, నీ జవాబు తప్పు అనుకుందాం. కీ ప్రకారం సున్నా. తప్పనిసరి ప్రశ్న కాబట్టి ఫెయిలవుతావు. ఒప్పు అనుకుందాం. అప్పుడు నువ్వు చిత్రాన్ని మరిచిపోలేదని రుజువవుతుంది. ప్రమాణపత్రాన్ని ఉల్లంఘించినందుకు మూడేళ్ళు డిబార్ చేయాలి. నీ శ్రేయస్సు కోరి మేము తప్పు అనుకుంటున్నాం."

"నేను తప్పు రాయలేదు సార్. మీరు పోయి లెక్కబెట్టుకోండి," అంది వన్నూరమ్మ.

కీని సవాలు చేసిన అభ్యర్థికి క్షేత్రస్థాయి తనిఖీ కోరే హక్కు ఉందని నిబంధనల్లో ఎక్కడో ఉంది. దాన్ని ఎవరూ వాడుకోరన్న ధైర్యంతో పెట్టిన నిబంధన అది. ఈ పిల్ల వాడుకుంది. జులై మొదటి వారంలో వైకుంఠం గారు, ఇద్దరు ప్రొఫెసర్లు, చెన్నకేశవులు గారు, నేను మంటపంలో నిలబడ్డాం. ఓబులేసు తాళ్ళు విప్పి టార్పాలిన్ దించాడు.

పద్నాలుగేళ్ళు నిండి పదిహేనోది నడుస్తుండగా ఆ ఊళ్ళో నేను మొదటిసారి తల పైకెత్తాను. తెల్లవి మూడు, నల్లవి రెండు, ఇటుకరంగుది ఒకటి. ఆ ఇటుకరంగు గుర్రం కాలెత్తి, చెవులు వెనక్కి వేసి, కళ్ళలో తెల్లగుడ్డు కనిపించేలా అడ్డం తిరిగింది. దాని పండ్లు చూస్తున్న టోపీ మనిషి ఎంత జాగ్రత్తగా వేళ్ళు పెట్టాడంటే కరుస్తుందేమోనని నాకే భయం వేసింది. చివర గుడ్డ కింద చేతులు కలిపిన ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుంటున్నారు. ఒకడు అప్పటికే మోసపోయాడు, వాడికింకా తెలియదు. మూడేళ్ళు ఈ పిల్లలకు తెల్లకాగితాలు చూపించినందుకు నాకు సిగ్గువేసింది.

ప్రొఫెసర్లు బొమ్మ చూడటం లేదు, లెక్కపెడుతున్నారు. ముగ్గురికీ ఆరే వచ్చాయి. వైకుంఠం గారు తృప్తిపడక కాళ్ళు లెక్కపెట్టి నాలుగుతో భాగించారు. ఎత్తిన కాలు లెక్కలోకి రాక ఆరుకన్నా తక్కువే తేలింది. ఆయన ముఖం వాడిపోయింది.

అదే సాయంత్రం మా కాలేజీలో అత్యవసర సమావేశం జరిగింది. ఆరు అని ఒప్పుకుంటే మూడు వందల ముప్పై తొమ్మిది మంది ఫలితాలు రద్దు చేయాలి. ప్రామాణిక సామగ్రిని వెనక్కి తీసుకోవాలి. ఆగస్టులో గ్రేడు ఇచ్చే బృందం రాబోతోంది. అప్పుడు చెన్నకేశవులు గారు గొంతు సవరించుకున్నారు.

"కీ మార్చాలంటే పదకొండు కాలేజీల్లో మార్చాలి. చిత్రం మార్చాలంటే ఒక్క కప్పు చాలు."

ఆ గదిలో చదువుకున్నవాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు, నాతో కలిపి. అందులో ఆరుగురు డాక్టర్లు, అంటే రోగం కుదిర్చే రకం కాదు. ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ లేచి పోలేదు. "ప్రామాణిక పాఠ్యసామగ్రికి అనుగుణముగా మంటప చిత్రమునందలి లోపములను సరిదిద్దుటకు" తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఏకగ్రీవంలో నా గ్రీవం కూడా ఉంది.

ఊళ్ళో కొట్లకు బోర్డులు రాసే దస్తగిరిని పిలిపించారు. అతను పైకి చూసి, కుంచెల సంచి కింద పెట్టేసి, "ఇది పెద్దోళ్ళు ఏసిన పని సార్. దీనిమీద నా చెయ్యి పెడితే ఆ చెయ్యి పడిపోతాది" అన్నాడు. మున్సిపాలిటీ పరిధిలో ఇక బోర్డులు రాయనివ్వబోమని చెప్పాక ఒప్పుకున్నాడు. జులై పదకొండున పొద్దున పని మొదలైంది. ఏడో గుర్రానికి చోటు లేదు. గుడ్డ కింద బేరమాడుకునే ఇద్దరినీ సున్నం పూసి కొట్టేసి అక్కడ వేయమన్నారు. దస్తగిరికి వచ్చిన గుర్రం ఒక్కటే, లారీల వెనక జూలు ఎగరేస్తూ పరుగెత్తేది. అదే వేశాడు. నడిమధ్యన పసుపురంగు డబ్బా మొత్తం ఖర్చుపెట్టి సూర్యుణ్ణి, కింద రెండు చక్రాలను వేశాడు. అనూరుడు మిగిలాడు. కొత్తగా వేయడం దండగని, గుర్రం పండ్లు చూసే టోపీ మనిషినే అనూరుణ్ణి చేయమని వైకుంఠం గారు సలహా ఇచ్చారు. అనూరుడికి తొడలుండవు కాబట్టి ఆ మనిషి కాళ్ళు నడుము దాకా సున్నంతో చెరిపేశారు. ముఖంలో కరుణ చాలలేదని ఒక ప్రొఫెసర్ అంటే కళ్ళ కింద రెండు గీతలు కూడా దిద్దారు.

నిచ్చెన పట్టుకున్నది ఓబులేసే. జీతం ఇచ్చేది మున్సిపాలిటీ కదా. వన్నూరమ్మ తన గడప మీద కూర్చుని సాయంత్రం దాకా చూసింది. ఏడవలేదు, అరవలేదు. నాకు మాత్రం ఆమె వైపు చూడటం చేతకాలేదు.

రంగు ఆరకముందే ధ్రువపత్రం వచ్చింది. "సదరు చిత్రమునందు గుర్రములు ఏడు గలవు. అవియు, రథము, సూర్యుడు, అనూరుడు ఆదినుండి గలవు." విషయ నిపుణుడి సంతకం కావాలి. ఆ విశ్వవిద్యాలయ పరిధిలో కళాచరిత్రకు విషయ నిపుణుణ్ణి నేనే. సంతకం పెట్టకపోతే మిగులు ఉద్యోగుల జాబితా ఇంకా తన బల్ల మీదే ఉందని చెన్నకేశవులు గారు నవ్వుతూ గుర్తుచేశారు. మంటపం మెట్ల మీదే కాగితం పరిచాను. వన్నూరమ్మ దగ్గరికి వచ్చింది.

"సార్, మీరు చూసినారు గదా."

చూశాను అన్నాను. అని, సంతకం పెట్టాను. పెట్టక తప్పలేదని ఎవరికైనా చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా. అబద్ధం. పెట్టకుండా ఉండొచ్చు. నాకు అడవికి పోవడం ఇష్టం లేదు, అంతే.

వారం తిరక్కుండా విశ్వవిద్యాలయం నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. క్షేత్రస్థాయి తనిఖీలో గుర్రాలు ఏడు అని తేలినందున ఆమె జవాబు తప్పు. తప్పు రాసినందువల్ల ఆమె చిత్రాన్ని నిజాయితీగా మరిచిపోయినట్టు రుజువైంది. కాబట్టి మాల్‌ప్రాక్టీసు కేసు కొట్టేయడమైనది, అభినందనలు. పేపరు మాత్రం ఫెయిలు. సెప్టెంబరులో సప్లిమెంటరీ రాసుకోవచ్చు. జులై ముప్పై ఒకటి వచ్చింది, పోయింది. శిక్షణ కేంద్రం వాళ్ళు ఆ సీటు ఇంకెవరికో ఇచ్చారు. ఆగస్టులో గ్రేడు బృందం వస్తే మంటపానికి తీసుకెళ్ళి చూపించారు. పాఠానికీ చిత్రానికీ ఇంత చక్కగా సరిపోవడం తామెక్కడా చూడలేదని వాళ్ళు రాసిపోయారు.

సెప్టెంబరులో ప్రశ్న మళ్ళీ అదే వచ్చింది. మూల్యాంకనంలో ఆ కట్ట నా బల్ల మీదికే వచ్చింది. జవాబు పత్రం మీద నంబరు తప్ప పేరుండదు. నాకు మూడో వాక్యానికే తెలిసిపోయింది.

"ఈ చిత్రంలో గుర్రాలు ఏడు. ఆరు గుర్రాలను నాలుగైదు వందల ఏండ్ల కిందట పేరు తెలియని చిత్రకారులు సున్నపు గార మీద రాతిరంగులతో వేసినారు. ఏడో గుర్రం, సూర్యుడు, రథం ఈ సంవత్సరం జులై పదకొండున బోర్డుల రంగుతో వేసినవి. వేసినవాని పేరు దస్తగిరి, ఇష్టం లేకుండా వేసినాడు. అనూరుడు మొదట గుర్రాల బేరగాడు. అతనికి కాళ్ళుండేవి. బేరమాడే ఇద్దరు మనుషులు ఏడో గుర్రం వెనక సున్నం కింద ఉన్నారు, వానకు పైపూత ఊడితే కనబడవచ్చు. వేయించినది విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం. ఇవన్నీ ఆదినుండి ఉన్నవేనని సంతకం పెట్టినది లెక్చరర్ చిలమకూరి పాండురంగం. పాత చిత్రకారులు పేర్లు రాసుకోలేదు. కొత్తవాళ్ళ పేర్లు అట్ల పోకూడదని రాస్తున్నాను."

ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, దేంతో వేశారు, ఎవరు వేయించారు, తర్వాత ఎవరు చెరిపారు. నేను మూడేళ్ళు చెప్పలేని సబ్జెక్టు ఒకటిన్నర పేజీలో ఉంది.

జవాబు పత్రంలో ఎవరి పేరైనా కనిపిస్తే దాన్ని గుర్తింపు చిహ్నంగా భావించి మాల్‌ప్రాక్టీసు కింద పంపాలి. నియమం స్పష్టంగా ఉంది. పంపితే పత్రం రద్దవుతుంది, దాంతో నా పేరూ రద్దవుతుంది. ఉంచితే చీఫ్ ఎగ్జామినర్ చదవొచ్చు. ఎర్ర పెన్ను పట్టుకుని అరగంట కూర్చున్నాను. ఆ అరగంట నేను ఆమె గురించే ఆలోచించానని చెప్పలేను. చివరికి కీ తీసి చూశాను. కీలో 'ఏడు' అని ఉంది. ఆమె కూడా ఏడు అనే రాసింది. పద్నాలుగుకు పద్నాలుగు వేశాను. చీఫ్ ఎగ్జామినర్ మొత్తం కూడికలు సరిచూసి టిక్కు పెట్టాడు.

నవంబరులో మెమోలు వచ్చాయి. ఆ రోజు కిటికీ దగ్గర పంచుతున్నది నేనే. వన్నూరమ్మ వచ్చి రిజిస్టర్లో సంతకం చేసింది. మార్కులు చూసుకుని కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమ్మా, వచ్చే ఏడు తప్పకుండా వస్తుంది అన్నాను. ఆమె సంచి భుజాన తగిలించుకుంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"సార్, మీ ఇంటిపేరు సరిగ్గానే రాసినానా?"

సరిగ్గానే రాశావమ్మా అన్నాను.